చరిత్రపరిశోధనము – నూతన సాధనములు – మన కర్తవ్యము

ఒక జాతి తన పూర్వచరిత్రమును తాను వ్రాసికొనజాలనినాడు దానిని పరులు వ్రాయుదురు. పరులు వ్రాసిన చరిత్రమున తప్పులుండుట యొక కీడు. ఆ తప్పులను దిద్దుటకు వలయు సామగ్రి మనచేతిలో లేకుండుట అంతకంటె పెద్దకీడు. నూరేండ్లకు పూర్వమే మన పెద్దలీ సత్యమును గుర్తించిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా మండలియు వెలసినవి. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము వెలువడినది. 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి యేర్పడినది. 1923లో కొమర్రాజు లక్ష్మణరావుగారు కీర్తిశేషులు కాగా, వారి పేర హైదరాబాదున వెలసిన పరిశోధక మండలి తెలంగాణ శాసనములను సేకరించి ప్రకటించినది. ఆ మహనీయులకు విశ్వవిద్యాలయముల వేతనములు లేవు, ప్రభుత్వపు ప్రాపు లేదు. ఉన్నదెల్ల దీక్షయు, తెలుగుజాతికి తన చరిత్రమును తానెరుగు హక్కు కలదను విశ్వాసమును మాత్రమే.

నాడు ఒక శాసనమును చదువవలెనన్నచో పరిశోధకుడు ఆ గ్రామమునకు పోవలెను. రాతిని కడిగి, తడికాగితమును దానిపై నొత్తి, కుంచెతో మోది, అక్షరముల గుంటలలోనికి కాగితము దిగిన పిదప సిరా నద్ది ప్రతి తీయవలెను. నేడో, సెల్‌ఫోను చేతగల ప్రతి పడుచువాడును రాతిని ఫోటో తీయగలడు. వెలుతురును పలుదిక్కులనుండి ప్రసరింపజేసి తీసిన ఛాయాచిత్రములను కంప్యూటరు కలిపి, కంటికి కానరాని గీతలను సైతము పైకి దేగలదు. బెంగుళూరున మిథిక్ సొసైటీవారు ఆ నగర పరిసరములందలి శాసనములను త్రిమితి ప్రతులుగా భద్రపరచు కార్యమునకు పూనిరి. పని ముట్టుకొన్నవారికి సాధనములు కొరవడుట లేదని యిది చాటుచున్నది.

పుస్తకముల విషయమునను మార్పు వచ్చినది. కాటూరు గ్రామమున జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారమందిన రాజ్ రెడ్డిగారు పదిలక్షల గ్రంథములను యంత్రమునకెక్కింప సంకల్పించిన ఉద్యమమునకు నాయకులలో నొకరు. తత్ఫలితముగా వేలకొలది తెలుగుపుస్తకములు ఇంటర్నెట్టులో నిలిచినవి. వేటపాలెము సారస్వతనికేతనమువంటి పుస్తకభాండాగారమునకు నాలుగు దినములు ప్రయాణము చేసినగాని దొరకని గ్రంథములు నేడు మారుమూల పల్లెలోని విద్యార్థికి నట్టింట లభించుచున్నవి. ఇది సామాన్యమైన లాభము కాదు. దీనిని చూచి సంతసింపనివాడు విద్యకు మిత్రుడు కాడు.

అయినను సాధనము వేరు, విద్య వేరు. గొడ్డలి పట్టినవాడెల్ల వడ్రంగి కాడు. సాధనములు వచ్చినవి, వానిని వాడు విద్యను నేర్పువారేరీ? అదియే నేటి మా ప్రశ్న.

మొదట ఈ సాధనములవలన నేమి సాధ్యమో చూతము. 1978లో నొబోరు కరషిమా, వై. సుబ్బరాయలు, మట్సుయి యను మువ్వురు విద్వాంసులు చోళశాసనములందలి వ్యక్తినామముల నన్నింటిని కూర్చి యొక సూచిని ప్రకటించిరి. ఎవరు ఏ బిరుదు వహించిరి, ఏ యూర నుండిరి, ఏ కాలమున నుండిరి అను ప్రశ్నలకు అందు లెక్కతో కూడిన సమాధానము దొరకును. మన కాకతీయ యుగమున కట్టి సేవ యొనర్చినది అమెరికా దేశపు విదుషీమణి సింథియా టాల్బట్. 2001లో ఆమె ప్రకటించిన గ్రంథమున వందలకొలది శాసనములను వర్గీకరించి లెక్కించి, నాటి యాంధ్రదేశమున నాయక, రెడ్డి, సెట్టి, బోయ యను మాటలు పుట్టుకతో మారక నిలిచిన కులములపేళ్లు కావనియు, వృత్తిని పదవిని తెలుపు బిరుదములనియు, వర్ణప్రసక్తి శాసనములలో మిక్కిలి యరుదనియు నిరూపించినది. ఒక శాసనమును చదివి యిట్టి మాట చెప్పుట సాధ్యము కాదు. వందల శాసనములను పక్కపక్కన నుంచినప్పుడే యది కంటబడును. సంఖ్యామార్గపు ప్రయోజనమిదియే.

విదేశములలో నీ మార్గము మిక్కిలి ముందుకు సాగినది. అట్లాంటిక్ సముద్రముమీద నాఫ్రికావాసులను బానిసలుగా గొనిపోయిన నౌకాయాత్రల వివరములను పండితులు దేశదేశముల రేవులెక్కలనుండి ఏర్చి కూర్చిరి. సుమారు 36,000 యాత్రలు దానిలో చేరినవి. సుమారు ఒకకోటి యిరువదియైదు లక్షలమంది ఓడలకెక్కింపబడిరని లోకము నేడు చెప్పగలుగుచున్నదనిన నది యీ సంకలనఫలమే. ఒక మహాపాతకమునకు లెక్క దొరికినది. లెక్క దొరికిన పాతకమును కాదనుట కష్టము. లండను నగరపు ఓల్డ్ బెయిలీ న్యాయస్థానమున 1674 మొదలు 1913 వరకు జరిగిన 1,97,745 విచారణల వృత్తాంతమంతయు నేడు పదపదమును వెదకుటకు వీలుగా నున్నది. మన జిల్లాకోర్టుల రికార్డుగదులలో చెదలు తినుచున్న కట్టలను నిత్యము చూచు మాబోటివారికి ఈ వార్త యసూయ కలిగించినచో తప్పేమి?

ఇక నపాయములు. వీనిని చెప్పక లాభములను మాత్రమే చెప్పువాడు వర్తకుడేగాని గురువు కాడు.

మొదటి యపాయము యంత్రపు చదువు. పాత తెలుగు ముద్రణమున అరసున్నలు, బండిరాలు మెండు. రేఫను వలపలగిలకగా, 'ధర్మము'ను 'ధమ౯ము'గా ముద్రించువారు. ఆ గిలక తెలుగు తొమ్మిదియంకెను పోలియుండును. యంత్రము దానిని అంకెగా చదువును, లేదా విడిచిపుచ్చును. విద్యార్థి 'ధర్మము' అని వెదకును. యంత్రము 'లేదు' అనును. 'వాఁడు' అని యున్నచోట 'వాడు' అని వెదకినను కొన్నియెడల నిదే ఫలము. 1991లోనే యూనికోడు పట్టికలో తెలుగక్షరములకు స్థానము లభించినను, చాలకాలము మన పత్రికలును ప్రచురణసంస్థలును తమతమ సొంత అక్షరరూపములనే వాడుటచే, అవి యచ్చొత్తినదానిలో నధికభాగము వెదకుటకు వీలుకానిదై పోయినది. యంత్రమునకెక్కిన తెలుగు గ్రంథముల పట్టికలలో పుస్తకముల పేళ్లు ఆంగ్లలిపిలో గుర్తింపరాని వికృతరూపములు దాల్చినవి. చేతిలో వెన్న యుంచుకొని నేతికై వెదకునట్లు, ఉన్న పుస్తకమే మనకు లేనిదగుచున్నది. 'వెదకితిని, దొరకలేదు' అనుట 'లేదు' అనుటకు సమానము కాదని మన విద్యార్థులకు చెప్పువారెవరు?

రెండవది దృష్టిదోషము. దీపమున్నచోటనే వెదకుట మనుష్యస్వభావము. కెనడాదేశమున రెండు పెద్దపత్రికలు యంత్రమునకెక్కిన పిదప, ఆ దేశచరిత్రపై వ్రాయబడిన సిద్ధాంతవ్యాసములు ఆ రెండింటినే పదేపదే యుదాహరింపసాగెననియు, యంత్రమునకెక్కని ప్రాంతీయపత్రికలు మరుగునపడెననియు 2013లో ఇయన్ మిల్లిగన్ అను చరిత్రకారుడు చూపెను. మనయెడల నిట్లు కాదా? ఇంటర్నెట్టునకెక్కినది ఆంగ్లము, ఎక్కనిది తెలుగు. ఎక్కినది రాజధాని, ఎక్కనిది పల్లె. ఎక్కినది దొరతనమువారి దస్త్రము. ఎక్కనిది కరణముగారి కవిలె. యంత్రమును నమ్మి వ్రాసిన చరిత్రము తెలియకయే మరల దొరతనమువారి కన్నులతో చూచిన చరిత్రమగును. స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు గడచిన పిదప నీ పారతంత్ర్యము వెనుకదారిని జొచ్చుచున్నది.

మూడవది వశమునకు సంబంధించినది. ఏలూరివారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు మెకంజీ దొర కొలువున నుండి గ్రామగ్రామమునను కైఫీయతులు సేకరించిరి. 1821లో మెకంజీ మరణించిన పిదప ఆ సంచయమున కొంత లండను చేరినది, కొంత చెన్నపట్టణమున నిలిచినది. నిలిచినవి శిథిలమగుచుండగా బ్రౌను దొర వానికి నకళ్లు వ్రాయించెను. ఆ నకళ్లే లేకున్న నేడు పెక్కు గ్రామములకు చరిత్రమే లేదు. సకాలమున తీసిన నకలు జాతిని కాపాడునని దీనివలన తెలియుచున్నది. కాని యా నకలు ఎవరిచేత నుండవలయును? 2023 అక్టోబరులో లండనులోని బ్రిటిష్ గ్రంథాలయముపై దొంగలు యంత్రమార్గమున దాడిచేసిరి. నెలలతరబడి దాని గ్రంథసూచియే లోకమునకు మూతపడినది. అంతటి సంస్థకే యాపద తప్పలేదు. మనదేశముననో, ఉత్సవముతో తెరచిన ద్వారములు కొన్ని సంవత్సరములకే యద్దెకట్టువారు లేక మూతబడుట మనమెరుగుదుము. ఒక్కచోట నున్నది ఎచ్చటను లేనిదే యని తలచి, ప్రతి ప్రతిని కనీసము మూడుచోట్ల భద్రపరుపవలయును. వానిలో నొకటి మన నేలమీదను, మన గ్రంథాలయమునను ఉండితీరవలయును.

నాల్గవది మిక్కిలి భయంకరము. నేటి యంత్రములు వెదకుటతో తృప్తిపడక తామే వ్రాయుచున్నవి. తెలియనిదానిని తెలియదనక, తెలిసినట్లే కల్పించి చెప్పుచున్నవి. 2023లో న్యూయార్కు నగరమున న్యాయవాదులు యంత్రము కల్పించిన ఆరు తీర్పులను నిజమని నమ్మి న్యాయస్థానమున దాఖలుచేసి, ఐదువేల డాలర్ల జరిమానాకు గురియైరి. ఇది పరదేశవార్త యని నవ్వి యూరకుండుటకు వీలులేదు. ఇటీవల ఒక కళాశాల విద్యార్థి తన వ్యాసమును మాకు చూపెను. అందొక శాసనసంపుటముపేరు, శాసనసంఖ్య, గ్రామనామము, దాత పేరు అన్నియు చక్కగా నుండెను. మేము ఆ సంపుటమును తెరచి చూచితిమి. ఆ సంఖ్యక్రింద నున్నది వేరొక గ్రామపు శాసనము. ఆ దాత యెచ్చటను లేడు. కుఱ్ఱవాడు మోసగాడు కాడు. అతనికి ఆ సంపుటము నెవ్వరును చూపలేదు, సంఖ్యను సరిచూడవలెనని యెవ్వరును చెప్పలేదు. అతని ముఖము చిన్నబోయినప్పుడు మాకు కోపము రాలేదు, సిగ్గు వచ్చినది. తప్పు నేర్వనివానిది కాదు, నేర్పనివారిది.

మేము న్యాయస్థానములలో దస్తావేజులతో కాలము గడుపువారము. కావున నొక్కమాట మనవిచేయుచున్నాము. దస్తావేజును చూచినతోడనే న్యాయవాది యడుగు ప్రశ్నలు మూడు: అసలెచ్చట? ఇది యెవరి వశమునుండి వచ్చినది? నడుమ నెవరైన చేయిపెట్టిరా? ముప్పదియేండ్లు గడచిన దస్తావేజును న్యాయస్థానము నిజమని భావింపవచ్చును గాని, అది తగినవారి వశమునుండి వచ్చినప్పుడే. 1872 నాటి సాక్ష్యచట్టమునకు మారుగా 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలునకు వచ్చినది. దాని 63వ సెక్షను ప్రకారము ఎలక్ట్రానిక్ నకలును దాఖలుచేయువాడు ధ్రువపత్రము నీయవలయును. ఆ పత్రమున హాష్ అను సంఖ్యను తెలుపవలయును. హాష్ అనగా ఆ నకలునుండి గణితముచే పుట్టించిన వేలిముద్ర. చిత్రమున నొక్కచుక్క మారినను ఆ సంఖ్య మారిపోవును. పదిసెంట్ల పొలముగట్టు తగాదాలో నింత జాగ్రత్త చూపు జాతి, తన పదునాలుగువందల యేండ్ల చరిత్రమునకు దీనిలో పదవవంతు జాగ్రత్తయైన చూపవలదా?

ఈ జాగ్రత్త యేల వలయునో యొక్క నిదర్శనము చూపెదము. రుద్రమదేవి పాలనము 1295 ప్రాంతమువరకు సాగెనని చాలకాలము గ్రంథములు వ్రాసినవి. నల్లగొండజిల్లా చందుపట్లలోని శాసనము వెలికివచ్చి, 1289 నాటికే యామె మరణించినదని తేల్చినది. ఒక్క రాయి పుస్తకములనన్నింటిని తిరుగ వ్రాయించినది. ఆ రాతిమీద నెవరైన రంగుపూసియుండినచో? జీర్ణోద్ధారణ మను పేర ఇసుకయంత్రముతో గీకియుండినచో? కలమళ్ళలో రేనాటి ధనంజయుడు సుమారు 575లో చెక్కించిన శాసనమే తెలుగుభాషకు తొలిశాసనమని మనము గర్వించుచున్నాము. అట్టి రాళ్లు నేడును ఊళ్లలో బట్టలుతుకు బండలై, గోడలకు పునాదులై యున్నవి. వాని ఫోటోలు సెల్‌ఫోనులలో చేతులు మారుచున్నవి గాని, ఏ యూరిదో, ఎవరు తీసిరో, ఎన్నడు తీసిరో దానిపై నుండదు. ఊరుపేరు లేని శాసనచిత్రము తండ్రిపేరు లేని దస్తావేజువంటిది. అట్టి చిత్రములకు కులాభిమానులు తమకు తోచిన పాఠములను తగిలించి, ఫలానా రాజు మావాడని తగవులాడుచున్నారు. కాకతీయులు తమ శాసనములు కొన్నింటిలో తాము చతుర్థకులజులమని చెప్పుకొనుటకు సిగ్గుపడలేదు. నేటివారు వారికి లేని సిగ్గును వారికి తెచ్చిపెట్టుచున్నారు.

కావున మన కళాశాలలలో నేర్పవలసినదేమి? మొదటిది లిపి. తెలుగు-కన్నడలిపి ఏడవ శతాబ్దమునుండి నేటివరకు మారిన తీరు చరిత్రవిద్యార్థికి తెలిసియుండవలయును. తెలంగాణ రాజ్యాభిలేఖాగారమున షాజహాను, ఔరంగజేబుల నాటి పారశీక పత్రములు కలవు. ఏడాదికి పదుగురైన తెలుగువిద్యార్థులు పారశీకము నేర్వకున్న అవి మనకు మూగవి. రెండవది నకలు తీయు విధము: కొలబద్ద నుంచి, ఊరు, తేది, తీసినవాని పేరు, రాయియున్న చోటు వ్రాసి, హాష్ సంఖ్యను నమోదు చేయుట. మూడవది లెక్కించుట: శాసనములందలి దానములు, కొలతలు, పేళ్లు పట్టికగా కూర్చుట, చెరువుల శాసనములను పటముమీద నిలిపి, ఏ యేటి నీరు ఏ కాలమున నెవరు కట్టిరో చూచుట. నాల్గవది సరిచూచుట: యంత్రము చెప్పిన ప్రతిమాటకును మూలము తెరచి చూడనిదే కలము కదపకుండుట. ఈ నాలుగింటిలో మొదటిదియు కడపటిదియు పాతవిద్యలే. నడిమి రెండే క్రొత్తవి. పాతవిద్య లేని క్రొత్తవిద్య నిలువదు.

దీనికి సొమ్మెక్కడిదని యడుగువారు కలరు. 2025 కేంద్ర బడ్జెట్టున జ్ఞానభారత మను పథకమును ప్రకటించి, కోటికి పైబడిన వ్రాతప్రతుల సర్వేక్షణము, పరిరక్షణము చేయుదుమని ప్రభుత్వము వాగ్దానము చేసినది. వాగ్దానమును మేము శంకింపము. కాని కోటి ప్రతులను చిత్రించిన పిదప వానిని చదువువారేరని మాత్రమడుగుదుము. చదువరులు లేని చిత్రములు తాళము పోయిన పెట్టెలు. సొమ్ములో సగము యంత్రములకైన, సగము గురువులకు వెచ్చింపవలయును. చరిత్ర చదివిన ఉద్యోగము రాదని మరికొందరందురు. మన కళాశాలలలో చరిత్రతరగతులు మూతబడుట కిదియే కారణముగా చెప్పబడుచున్నది. పట్టికలు కూర్చుట, మూలమును సరిచూచుట, నిజానిజములు వేరుపరచుట నేర్చినవాడు న్యాయశాలలోను, పత్రికాలయమునను, కంప్యూటరు కార్యాలయమునను అక్కరకు వచ్చునేగాని భారము కాడు. అబద్ధము చవుకయైన యీ కాలమున నిజమును పట్టగల విద్యకు వెల పెరుగునేగాని తరుగదు.

పనిచేయు మార్గమును సైతము మన పూర్వులే చూపిరి. 1914లో బెజవాడను ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము నెలకొల్పినవారు ప్రభుత్వముకొరకు కాచుకొనియుండలేదు. 1935లో కాలువలమీద పడవలో పుస్తకములను నింపి పల్లెపల్లెకు పంచిరి. నాడు పుస్తకము పల్లెకు పోయినది. నేడు పల్లెనుండి మూలము గ్రంథాలయమునకు రావలయును. ప్రతి కళాశాల చరిత్రశాఖ తన మండలమును దత్తత తీసికొనుగాక. సెలవులలో గురువు, పదిమంది విద్యార్థులు, ఊరి పెద్దలిద్దరు కలిసి ఒక్కొక్క గ్రామమున రాళ్లను, కవిలెలను, దేవాలయపు లెక్కలను, పాతపత్రికలను నకలు తీయుదురుగాక. అసలు ఊరివారియొద్దనే యుండవలయును. నకలు లోకమునకు దక్కవలయును. ఇండ్లలో తాళపత్రములున్నవారు వానిని దాచి చెదలపాలు చేయక, నకలు తీయనిత్తురుగాక. రచయిత మరణించి అరువదేండ్లు గడచిన పుస్తకములకు చట్టరీత్యా అడ్డులేదు గనుక, వారి వంశీయులును ప్రచురణకర్తలును సంకోచింపక వానిని తెరచి యీయవచ్చును.

విశ్వవిద్యాలయములవారికి మా విజ్ఞప్తి యొక్కటియే: వచ్చు విద్యాసంవత్సరమునుండి చరిత్ర పట్టమునకు వచ్చు ప్రతివిద్యార్థియు కనీస మొక్క మూలపత్రమును తాను స్వయముగా చదివి, నకలు తీసి, ధ్రువపరచి సమర్పింపవలెనని నియమింపుడు. పదివేల పుటల వ్యాసములకంటె ఆ యొక్క పుట జాతికి మేలు చేయును. కడపట మా పాఠకులతో నొక్కమాట. మీ యూరి గుడిగోడమీద, చెరువుకట్టమీద, రచ్చబండక్రింద అక్షరములున్న రాయి కలదేమో యీ వారము పోయి చూడుడు. ఉన్నచో రంగు పూయనీయకుడు, కదల్పనీయకుడు. ఊరిపేరు, తేది వ్రాసి, ఫోటో తీసి, సమీప కళాశాలలోని చరిత్రోపాధ్యాయునకు చేర్చుడు. ఆయన చదువలేనన్నచో, చదువగల వానిని పంపుమని విశ్వవిద్యాలయము నడుగుడు. అడుగువారుండిననే నేర్పువారు పుట్టుదురు.